కుళాయి పేజీ

పదేళ్ళుగా నన్నొక సందేహం వదలడం లేదు. పొద్దున్నే ఇంట్లో బుద్ధమందిరం తలుపులు తీసి, చిన్న గిన్నెలో అన్నం పెట్టి, అమిద బుద్ధుని నామం చెప్పుకుంటూ కూర్చుంటాను. నామం నోట్లో సాగుతూనే ఉంటుంది, సందేహం వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆ రోజు తనిఖీ ఆఫీసులో నేను నిజం చెప్పాను. అయితే ఆ నిజం వల్ల నష్టపోయింది నేను కాదు, నేను పనిచేసిన దుకాణం యజమాని సకబె గారు. ఇంకొకరి నెత్తిన పడే నిజం చెప్పడానికి నాకు అధికారం ఎక్కడిది?

మా గుడి పూజారిని ఒకసారి అడిగాను. ఆయన అంతా విని, టీ చల్లారిపోతోంది తాగమన్నాడు. తాగాను. సందేహం తీరలేదు.

నేను రేకు గీసేవాణ్ణి. ఒసాకాలో మత్సుయామాచి వీధి నిండా అప్పట్లో బొమ్మల దుకాణాలు, కాగితపు దుకాణాలు. యుద్ధం అయిపోయాక ఆ దుకాణాలవాళ్ళే పిల్లల కోసం ఎర్ర అట్టలు వేసి బొమ్మల కథల పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టారు. చిత్రకారుడు కాగితం మీద వేసిన బొమ్మను ఫోటో తీసి అచ్చుకెక్కించే స్తోమత వాళ్ళకి లేదు. అందుకని నాలాంటివాళ్ళం ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని, జింకు రేకు మీద జిడ్డు సిరాతో గీతకు గీత చేత్తో దించేవాళ్ళం. పిల్లల చేతికి చేరేది చిత్రకారుడి గీత కాదు, మా గీత.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. రేకు గీసేవాడు కథ చదవడు. కథలో పడితే చెయ్యి ఆగిపోతుందని మా మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. అందువల్ల మా తప్పులు కూడా వింతగా ఉండేవి. ఒకాయన కాగితం మీద పడ్డ టీ మరకను మబ్బు అనుకుని గీశాడు. ఇంకొకాయన సముద్రపు దొంగకి రెండూ కుడి చేతులే పెట్టాడు. ఏడు వేల పుస్తకాలు అలాగే వెళ్ళిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. రేకువాడి తప్పు అనేవాళ్ళు, నవ్వేసి ఊరుకునేవాళ్ళు.

నా తప్పు వేరు. యుద్ధం జరిగిన నాలుగేళ్ళూ నేను గోడ పత్రికలు గీశాను. సైనికుడైనా, తల్లి అయినా, బడిపిల్ల అయినా, అందరి గడ్డాలూ పైకి లేచి, కళ్ళు కుడివైపు ఆకాశంలోకి చూస్తుండాలి. నాలుగేళ్ళు అదే ముఖం గీసేసరికి చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. యుద్ధం అయిపోయినా నా ముఖాలు కిందికి దిగలేదు.

ఆ తప్పు పట్టుకున్నది నుయికో. యుద్ధం ముగిసిన రెండో ఏడు, సకబె గారి దుకాణానికి బొమ్మలు తెచ్చిన అమ్మాయి. ఇరవై రెండేళ్ళుంటాయి. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చింది. సన్నగా, కాళ్ళకి ఇంకా యుద్ధకాలంలో ఆడవాళ్ళందరూ వేసుకున్న వదులు లాగుతోనే, బట్ట మూటలో కాగితాలు పట్టుకుని తిరిగేది. తన మొదటి పుస్తకం అచ్చయిన రోజు దుకాణం పైఅంతస్తులో నేను కూర్చునే కిటికీ దగ్గరికి మెట్లెక్కి వచ్చింది.

"బాబాయ్, ఒకటి అడగనా? నేను వేసిన పిల్లాడు నేల మీద గోళీ వెతుక్కుంటున్నాడు. నువ్వు గీసినవాడు ఆకాశంలో వెతుకుతున్నాడు. అక్కడేం పడేసుకున్నాడు?"

సిగ్గుతో రేకు మీదికి వంగిపోయాను. ఆమె నవ్వింది. ఆ తరువాత నా దగ్గరికి వచ్చినప్పుడల్లా పైకి చూసి, విమానాలేమైనా వస్తున్నాయా బాబాయ్ అని అడగడం అలవాటు చేసుకుంది.

రెండో పుస్తకం నక్కపిల్ల కథ. గిన్నె మూత టోపీలా పెట్టుకున్న నక్కపిల్ల తప్పిపోయి, అమ్మని వెతుక్కుంటూ ఊళ్ళన్నీ తిరుగుతుంది. నేను చదవలేదు కాబట్టి అప్పుడు నాకు తెలిసింది అంతే. ముప్పై ఎనిమిదో పేజీ మాత్రం గీస్తూండగా కళ్ళలో పడింది. పేజీ నిండా ఒకటే బొమ్మ. కాలిపోయిన ఊరు. ఇళ్ళు లేవు, పునాది రాళ్ళే. మధ్యలో మెడ ఎడమకి వంగిన కుళాయి ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. దాంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తల్లి నక్క దాని ముందు గొంతుకూర్చుని అన్నం గిన్నె కడుగుతోంది.

ఆ రోజుల్లో ఏది అచ్చు వేయాలన్నా ముందు ప్రూఫు తీసుకెళ్ళి ఆక్రమణ సైన్యం వాళ్ళ తనిఖీ ఆఫీసులో చూపించాలి. యుద్ధానికి ముందు మన దొరతనంవాళ్ళూ కొట్టేసేవాళ్ళు. కానీ కొట్టేసిన చోట చుక్కలో, అడ్డగీతలో మిగిలేవి, అక్కడేదో ఉండేదని చదివేవాడికి తెలిసేది. అమెరికావాళ్ళు కొట్టేస్తే చుక్క కూడా మిగలకూడదు. ఖాళీ ఉండకూడదు, మసి పులమకూడదు. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టే ఉండాలి.

ముప్పై ఎనిమిదో పేజీ మీద నీలం పెన్సిలుతో పెద్ద గుణకారం గుర్తు వేసి పంపారు. వాళ్ళ బాంబులకి కాలిన ఊరు పిల్లల పుస్తకంలో కూడా కనపడకూడదన్నమాట.

సకబె గారు నన్నూ నుయికోనీ కింద అంగట్లోకి పిలిచారు. యాభై దాటిన మనిషి, గొంతు గట్టిది, చేతులు ఎప్పుడూ కాగితాలు సర్దుతూ ఉంటాయి. ఆ పేజీలో పూలతోట వేసేద్దాం అన్నారు. చెర్రీ పూలు, సీతాకోకచిలుకలు. నుయికో వేయనక్కర్లేదు, రేకు మీద కునిమత్సు గీసేస్తాడు అన్నారు. కునిమత్సు అంటే నేనే. యుద్ధంలో ఇలాంటివి ఎన్నో గీశాడు కదా అని కూడా అన్నారు. అది నిజమే కాబట్టి నేను తల దించుకున్నాను.

నుయికో ఒప్పుకోలేదు. సకబె గారికి విసుగొచ్చింది.

"అమ్మాయ్, బాంబుల రోజు నా గిడ్డంగీ కాలింది, ఇల్లూ కాలింది. నేనేమైనా బొమ్మలు వేసి ఏడుస్తున్నానా?"

"మీకు బొమ్మలు రావు కాబట్టి."

సకబె గారు తిట్టబోయి ఆగిపోయారు. అప్పుడే నుయికో ఆ కుళాయి సంగతి చెప్పింది. బాంబులు పడ్డ మార్చి నెలలో తను ఊరి బయట ఫ్యాక్టరీలో ఉంది. మూడో రోజు హొరియె పేటలో తమ ఇంటికి వచ్చింది. ఇల్లు లేకపోవడం కాదు, వీధే లేదు. ఏది ఎవరి ఇల్లో గుర్తుపట్టడానికి ఒక్క ఆనవాలు లేదు. పొద్దుటినుంచి తిరిగి తిరిగి, మధ్యాహ్నానికి ఆ కుళాయి చూసింది. వాళ్ళ నాన్న బిగించినప్పుడు వంకరగా బిగించాడట. వాళ్ళ అమ్మ పదేళ్ళు దాని గురించి సణుగుతూనే ఉందట. ఆ వంకర మెడ చూసి ఇల్లు గుర్తుపట్టింది. అక్కడే అమ్మ దొరికింది, ప్రాణంతో కాదు. బూడిదలో ఒక గిన్నె దొరికితే తను ఆ కుళాయి నీళ్ళతోనే కడిగింది.

"కుళాయి తీసేస్తే నక్కపిల్లకి ఇల్లెలా తెలుస్తుంది బాబాయ్? వాసన పట్టిందని రాయనా? అక్కడ అందరి ఇళ్ళకీ ఒకటే వాసన." ఆమె గొంతు పెంచలేదు. "ఇల్లు కాల్చారు, సరే. ఇప్పుడు ఇల్లే లేదనమంటున్నారు."

సకబె గారు బల్ల మీది కాగితాలు సర్దారు. తరువాత, పుస్తకం ఆగిపోతే కాగితం తెచ్చినవాళ్ళకి తను జవాబు చెప్పాలనీ, ఆ పూలు గీయమనీ నాతో అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను పూలు గీశాను. ప్రూఫు మళ్ళీ వెళ్ళింది, ముద్ర పడి వచ్చింది. అచ్చు మర్నాడు. నుయికో మెట్లెక్కి వచ్చి నా బల్ల పక్కన నిలబడింది. కొట్టేసిన పేజీకి తను వేసిన బొమ్మ ఇంకా అక్కడే ఉంది. దాన్ని పట్టుకుపోతుందనుకున్నాను. పట్టుకుపోలేదు. వేలితో తోసి నా ముందుకు జరిపింది.

"రేకువాడి తప్పులు ఇన్ని జరిగాయి. ఇంకొకటి జరిగితే ఎవరడుగుతారు?" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం జీవితంలో మొదటిసారి, నేను గీయాల్సిన పుస్తకాన్ని చదివాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఆ తరువాత రాయి తీసుకుని రేకు మీద పూలన్నీ రుద్ది చెరిపేశాను.

పునాది రాళ్ళు సులువుగానే వచ్చాయి. కుళాయీ వచ్చింది. తల్లి ముఖం దగ్గర చెయ్యి మొండికేసింది. ఎంత జాగ్రత్తగా గీసినా గడ్డం పైకే లేస్తోంది. రెండు సార్లు చెరిపాను. ఇంతలో నా భార్య యొనె ఉడకబెట్టిన చిలగడదుంపలు తీసుకుని వచ్చింది. బల్ల మీద పూల ప్రూఫు, పక్కన నుయికో కాగితం, నా చేతికింద రేకు చూసింది. ఆమెకి చెప్పాల్సిన పని లేకపోయింది. పట్టుబడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఇద్దరు పిల్లలు మాకు. వద్దంటుందేమోనని చూశాను.

యొనె దుంప తొక్క తీస్తూ రేకు మీదికి వంగింది. "ఇంకా కిందికి వంచండి. గిన్నె కడిగేటప్పుడు ఎవరైనా పైకి చూస్తారా?" అంది.

మూడోసారి ముఖం కిందికి దిగింది.

మర్నాడు అచ్చు మొదలైనప్పుడు సకబె గారు మొదటి కాగితం తీసి వెలుతురుకి పట్టి చూశారు. సిరా ఎక్కువైందని గొణిగారు. తరువాత సిగరెట్టు కాల్చుకోవడానికి బయటికి వెళ్ళారు. ఆయన చూసింది సిరానే అనుకున్నాను.

ఈసారీ ఏడు వేల పుస్తకాలు పెట్టెలకెక్కి ఊళ్ళకు వెళ్ళిపోయాయి. అచ్చయిన పుస్తకాలు రెండు తనిఖీ ఆఫీసులో ఇవ్వాలన్నది నియమం. ఇచ్చారు. పన్నెండో రోజు సకబె గారికీ నాకూ పిలుపు వచ్చింది.

ఆ రోజు వాన. నాకు గొడుగు లేదు. మత్సుయామాచిలో ప్రతి దుకాణానికీ సొంత గొడుగులు ఉంటాయి, నూనె కాగితం మీద దుకాణం పేరు పెద్ద అక్షరాలతో రాసి, పిడి మీద నంబరు వేసి. వానలో చిక్కుకున్నవాళ్ళకి ఇస్తారు, వాళ్ళు తెచ్చి ఇచ్చేస్తారు. సకబె గారు ఏడో నంబరు గొడుగు తీసి నా చేతికిచ్చారు. దారంతా ఒకటే మాట చెబుతూ వచ్చారు. కథ చదవననీ, బల్ల మీద ఉన్న కాగితం చూసి గీసేశాననీ, పొరపాటనీ చెప్పమన్నారు. మందలించి పంపేస్తారు, అక్కడితో సరి అన్నారు. నేను సరేననలేదు, కాదనీ అనలేదు.

బల్లకి అవతల కూర్చున్నది మన మనిషే. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, తన కొలతది కాని అమెరికా కోటు. కిటికీ దగ్గర అమెరికా అధికారి ఒకాయన మా వైపు చూడకుండా కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. బల్ల మీద రెండు పేజీలు పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో పూలు, ఒకదాంట్లో కుళాయి.

కళ్ళజోడాయన మెత్తగానే మాట్లాడాడు. రేకు గీసేవాళ్ళు కథ చదవరని విన్నాననీ, ఇలాంటి పొరపాట్లు మామూలే కదా అనీ అన్నాడు. నేను బయటపడే తలుపు తానే తీసి పట్టుకున్నట్టుంది. నేను ఊఁ అంటే చాలు.

పేజీ వైపు చూశాను. కిందికి వంగిన ఆ ముఖం కనిపించింది. నేను పొరపాటు అంటే ఆ కుళాయీ పొరపాటే, ఆ గిన్నే పొరపాటే, వాళ్ళమ్మ బతికిందీ పోయిందీ కూడా పొరపాటే.

"పొరపాటు కాదండి," అన్నాను. "చదివే గీశాను. పూలు గీయడమే పొరపాటు."

కిటికీ దగ్గర సంతకాల చప్పుడు ఆగింది. సకబె గారు నా పక్కన కదిలారు. ఆయన ఏమంటారోనని భయం వేసి తొందరగా ఇంకో మాట అనేశాను.

"సకబె గారికేమీ తెలియదు. అంతా నేనొక్కణ్ణే చేశాను."

కళ్ళజోడాయన కలం పక్కన పెట్టాడు. ఆ కుళాయి ఎక్కడిదని అడిగాడు. హొరియె పేటలోది అన్నాను. ఆయన కుళాయి పేజీని తన వైపు తిప్పుకున్నాడు. ఆ తరువాత రాయడం మొదలుపెట్టాడు.

నాకేమీ కాలేదు. పుస్తకం మీద రేకు గీసేవాడి పేరు ఉండదు, శిక్ష వేయడానికి కాగితాల్లో నేను లేను. సకబె గారి పేరు ఉంది. మిగిలిన పుస్తకాలు పట్టుకుపోయారు, ఆరు నెలలు ఆయన ఏమీ అచ్చు వేయకూడదన్నారు. బయటికొచ్చాక గొడుగు ఆయన మీద పట్టబోయాను. తోసేశారు.

"రేపటినుంచి రావద్దు," అని వానలో తడుస్తూ వెళ్ళిపోయారు.

గొడుగు నా దగ్గరే ఉండిపోయింది. రెండుసార్లు ఇవ్వడానికి వెళ్ళాను. అయ్యగారు లేరన్నారు. లోపల ఆయన దగ్గు వినపడుతూనే ఉంది. మూడోసారి వెళ్ళలేదు. ఆ తరువాత మిఠాయి పొట్లాల మీద బొమ్మలు గీసుకుంటూ బతికాను. యొనె ఏటా వానాకాలం వెళ్ళాక ఆ గొడుగు విప్పి నీడలో ఆరబెట్టేది. ఊడిపోయిన పుల్లకి దారం కట్టింది. ఒక్క వానలో కూడా వాడనివ్వలేదు. ఆయన పేరున్న గొడుగు కింద మనం నడవకూడదండీ అనేది.

రెండేళ్ళకి తనిఖీ ఆఫీసు మూసేశారు. ఇంకో మూడేళ్ళకి అమెరికావాళ్ళు వెళ్ళారు. నుయికో ఇప్పుడు కోబెలో ఒక పత్రికకి రోజూ నాలుగు గళ్ళ బొమ్మల కథ వేస్తోంది. తన గీతను ఫోటో తీసే అచ్చు వేస్తారు, రేకువాడితో పని లేదు. ఈ మార్చిలో ఒసాకాలోనే గుళ్ళో వాళ్ళమ్మ పదమూడో ఏటి కర్మ పెట్టి మమ్మల్ని రమ్మంది. ఆ రోజూ వానే. బయలుదేరుతుంటే యొనె ఏడో నంబరు గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది. నూనె కాగితం పగుళ్ళిస్తోంది, మన ఇంట్లో పాడైపోకముందే ఇచ్చేసి రండి అంది. తను గుళ్ళోనే ఉండి మిగతా పని చూసుకుంటానంది.

కర్మ అయ్యాక నుయికో నా చేతిలో గొడుగు చూసింది.

"ఇంకా ఇవ్వలేదా? పద బాబాయ్, నేనూ వస్తాను."

ఆమె తన గొడుగు వేసుకుంది. నేను ఏడో నంబరు ముడిచి చంకలో పెట్టుకుని నడిచాను. తడుస్తున్నావు, తెరువు అంది. మనది కాదు అన్నాను. చిన్నప్పుడు కూడా మాట ఇలాగే వినేవాడివా అని గొణిగి సగం గొడుగు నా మీదికి జరిపింది.

సకబె గారి దుకాణంలో ఇప్పుడు రేకు కార్లు, పాకే బొమ్మలు. ఆయన లోపల చాప మీద కూర్చుని ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి పలకరించలేదు. నేను గడప దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు చాపకి ఆనించి, పదేళ్ళుగా లోపల నానుతున్నది చెప్పేశాను. నా నిజంతో మీకు నష్టం తెచ్చాను, నాకు ఆ అధికారం లేదు, క్షమించండి అన్నాను.

"నష్టమా?" అన్నారు సకబె గారు. "ఆరు నెలల నష్టం గురించి పదేళ్ళు కోపం పెట్టుకుంటానా? నేను వ్యాపారం చేసేవాణ్ణి. నన్ను గుడ్డివాణ్ణి చేశావు, అదీ నా కోపం."

నాకు అర్థం కాలేదు. తల ఎత్తాను.

"ముప్పయ్యేళ్ళు కాగితం అమ్మిన కళ్ళు ఇవి. మొదటి కాగితంలోనే ఆ కుళాయి చూశాను. చూసి బయటికెళ్ళాను. సిగరెట్టు ముట్టించుకోవడానికి మూడు అగ్గిపుల్లలు గీయాల్సి వచ్చింది. లోపలికొచ్చి ఆపమంటే ఆగిపోయేది. అనలేదు. ఏడు వేలూ నా కళ్ళ ముందే వెళ్ళాయి." ఆయన గొంతు ఒకప్పటిలాగే గట్టిపడింది. "అలాంటిది ఆ దొర ముందు కూర్చుని, సకబె గారికేమీ తెలియదు అంటావా? నా ఇల్లు కాలలేదా? ఆ పేజీ నీ ఒక్కడిదేనా?"

"మరి ఈయన్ని పొరపాటని చెప్పమన్నది మీరే కదా?" అంది నుయికో.

"వీడు బయటపడాలని. వీడు పొరపాటన్నాక, కాదు, నేను చూసే వదిలానని చెబుదామనుకున్నాను. నోట్లో మాట సిద్ధంగా పెట్టుకునే వెళ్ళాను. వీడు ముందు నోరు తెరిచాడు."

"తరువాతైనా చెప్పొచ్చుగా."

"అప్పుడు చెబితే వీడు అబద్ధమాడినట్టు కాదూ?" అన్నారు విసుగ్గా. "నిజం చెప్పిన మొహం పెట్టుకుని కూర్చున్నాడు, అదొకటి."

నుయికో నవ్వు ఆపుకోవడానికి తల పక్కకి తిప్పుకుంది. నాకు నవ్వు రాలేదు. పదేళ్ళు మందిరం ముందు కూర్చుని బరువు తూచుకున్నది సగం నిజమేనని ఇప్పుడు తెలిసింది. మిగతా సగం ఈయన గొంతులో ఉండిపోయింది. నా సందేహం తీరిందో, ఇంకో సందేహంగా మారిందో రేపు పొద్దున్న నామం చెప్పుకునేటప్పుడు చూసుకోవాలనుకున్నాను.

రెండు చేతులతో గొడుగు ముందుకు చాపాను. సకబె గారు తీసుకున్నారు. విప్పి, తిప్పి, ప్రతి పుల్లా వేలితో నొక్కి చూశారు. దారం కట్టిన చోట ఆగారు.

"ఇదెవరు కట్టారు?"

"మా ఆవిడండి."

"పని తెలిసిన మనిషి," అన్నారు. ముడిచి, లేచి వెళ్ళి, గోడకి వరసగా ఉన్న గొడుగుల్లో ఆరో నంబరుకీ ఎనిమిదో నంబరుకీ మధ్య తగిలించారు.

మేం బయటికి వచ్చేసరికి వాన ఇంకా పడుతూనే ఉంది. ఆయన గొడుగు ఇస్తాననలేదు. నేనూ అడగలేదు.